యాస అచ్చెక్కిన కథ

2025లో పులిట్జర్ బహుమతి పొందిన పెర్సివల్ ఎవరెట్ నవల ‘జేమ్స్’లో ఓ విచిత్రమైన పాఠం జరుగుతుంది. మార్క్ ట్వేన్ ‘హకల్‌బెరీ ఫిన్’లో (నండూరి రామమోహనరావు తెలుగు చేసిన నవల) యాసలో మాట్లాడే బానిస జిమ్ ఇందులో కథానాయకుడు. తమవాళ్ల మధ్య పుస్తకాల ఇంగ్లిష్ మాట్లాడే ఈ జిమ్, తెల్లవాళ్ల ముందు ఎలా తడబడుతూ యాసలో మాట్లాడాలో పిల్లలకు నేర్పుతాడు. ప్రాణాలు దక్కాలంటే ఆ వేషం తప్పదు. పుస్తకాల్లో కనిపించే నల్లజాతి యాస నిజంగా వాళ్లదేనా, తెల్ల పాఠకుడి కోసం తయారైన సరుకా అన్న తగాదా మాత్రం ఎవరెట్‌తో మొదలైంది కాదు. దాదాపు రెండు వందల ఏళ్లుగా సాగుతోంది.

1830ల్లో తెల్ల నటులు మొహాలకు మసి పూసుకుని నల్లవాళ్లను వెక్కిరిస్తూ ఆడిన మిన్‌స్ట్రెల్ ప్రదర్శనలు దీనికి మూలం. థామస్ రైస్ కట్టిన ‘జిమ్ క్రో’ వేషం ఎంత పాకిందంటే, అమెరికా దక్షిణాది రాష్ట్రాల వర్ణ వివక్ష చట్టాలకు చివరికి ఆ పేరే స్థిరపడింది. నల్లవాడు నోరు తెరిస్తే నవ్వాలన్న అలవాటు ప్రేక్షకుడికి అక్కడ పట్టుకుంది. అమెరికా అంతర్యుద్ధం ముగిశాక ఆ నవ్వుకు పాతకాలపు బెంగ తోడైంది. తెల్ల రచయిత జోయెల్ చాండ్లర్ హారిస్ 1880లో తెచ్చిన అంకుల్ రీమస్ కథల్లో ముసలి నల్లవాడు తెల్ల పిల్లవాడికి ముద్దుముద్దుగా కుందేలు కథలు చెబుతాడు. కథలు నిజంగా నల్లవాళ్లవే. చెప్పించిన తీరు హారిస్‌ది.

ట్వేన్ దారి కొంత వేరు. న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్‌మైరాలో ఆయన వేసవుల్లో గడిపే ఇంటి వంటమనిషి మేరీ ఆన్ కార్డ్ ఒకప్పటి బానిస. వేలంలో పిల్లలు దూరమైన తన కథ ఆమె చెబితే, 1874లో ‘అట్లాంటిక్’ పత్రికకు ఆమె మాటల్లోనే రాశాడు. అందులో నవ్వుకోవడానికి ఏమీ లేదు. పదేళ్ల తర్వాత ‘హకల్‌బెరీ ఫిన్’ ముందు పేజీలోనే ఇందులో పలు యాసలు వాడానని చెప్పుకున్నాడు. నా దృష్టిలో పెద్ద మలుపు జిమ్ మాటల్లో లేదు. కథ చెప్పే తెల్ల కుర్రాడు కూడా యాసలోనే చెప్పడంలో ఉంది. 1885లో ఆ పుస్తకం మోటుగా ఉందంటూ మసాచుసెట్స్‌లోని కాంకర్డ్ గ్రంథాలయం దాన్ని తీసేసింది.

ఈ చరిత్రలో అన్నిటికంటే బాధ కలిగించేది నల్లజాతి కవి పాల్ లారెన్స్ డన్‌బార్ కథ. 1872లో ఒహాయోలోని డేటన్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు కెంటకీలో బానిసలుగా బతికినవాళ్లు. హైస్కూల్లో అతని తరగతిలో నల్ల విద్యార్థి అతనొక్కడే. విమానం కనిపెట్టిన రైట్ సోదరుల్లో ఆర్విల్ అతని సహాధ్యాయి. ఇంత చదువుకుని దొరికింది లిఫ్టు నడిపే ఉద్యోగం. 1896లో పేరున్న విమర్శకుడు విలియం డీన్ హొవెల్స్ అతని యాస కవితలను ఆకాశానికెత్తాడు. ప్రామాణిక ఇంగ్లిష్ కవితలను అంతగా పట్టించుకోలేదు. ఆ మెప్పే మెడకు చుట్టుకుంది. పత్రికలు అడిగేది యాసే, డబ్బొచ్చేదీ యాసకే. లోకం తన విరిగిన పలుకుల చిందునే మెచ్చుకుందని ఒక కవితలో వాపోయి, 33 ఏళ్లకే పోయాడు. ఇక 1922లో మరో నల్లజాతి కవి జేమ్స్ వెల్డన్ జాన్సన్ సూటిగానే అనేశాడు: అచ్చులోని ఈ యాస హాస్యం, జాలి అనే రెండే స్వరాలు పలుకుతుందని.

దీనికి ఎదురు జవాబు నల్లజాతి రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్. ఆమె పెరిగిన ఫ్లోరిడాలోని ఈటన్‌విల్ పూర్తిగా నల్లవాళ్ల ఊరు, మేయరు కూడా నల్లవాడే. అంగడి అరుగు మీద జనం కోతలు కోసేది ఒకళ్లనొకళ్లు మెప్పించడానికి. అక్కడ ఎవరి కోసం వేషం కట్టాలి? ఆ అరుగుల మీది మాటలే 1937 నాటి ఆమె నవలకు ప్రాణం. నల్లజాతి నవలాకారుడు రిచర్డ్ రైట్ మాత్రం అది తెల్లవాళ్లను నవ్వించే మిన్‌స్ట్రెల్ విద్యేనని దుయ్యబట్టాడు. అంతకు ముందు, అమెరికాకు వచ్చినట్టు తెలిసిన చివరి బానిస ఓడ క్లోటిల్డాలో 1860లో అలబామా చేరిన కజో లూయిస్ కథను ఆమె అతని ఉచ్చారణతోనే రాస్తే, ఒక ప్రచురణ సంస్థ మామూలు భాషలోకి మార్చమంది. ఆమె మార్చలేదు. ఆ పుస్తకం 2018లో వచ్చింది, ఆమె పోయిన 58 ఏళ్లకు.

తగాదాలో సగం స్పెల్లింగ్‌దేనని నాకనిపిస్తుంది. ‘వాజ్’ అనే మాటను అందరూ ఒకేలా పలుకుతారు, అయినా నల్లవాడి నోట వచ్చేసరికి అక్షరాలు తప్పుగా వేసేవారు. చెవికి తేడా తెలియదు, కంటికి మాత్రం మొద్దుతనం కనిపిస్తుంది. 1930ల చివర ఫెడరల్ రైటర్స్ ప్రాజెక్ట్ అనే ప్రభుత్వ పథకం రెండువేల మందికి పైగా మాజీ బానిసల జ్ఞాపకాలు సేకరించినప్పుడు కవి స్టెర్లింగ్ బ్రౌన్ ఇచ్చిన సలహా ఇదే: పలుకుబడి నిజమైనది కావాలి, ఉచ్చారణ ఆ తర్వాత. సేకరించినవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు. పాటించినవాళ్లు పాటించారు.

సినిమా మాట నేర్చాక స్పెల్లింగ్ బాధ పోయింది గానీ పాత నవ్వు పోలేదు. ‘గాన్ విత్ ద విండ్’లో దక్షిణాది దాదిగా 1940లో ఆస్కార్ అందుకున్న హాటీ మెక్‌డానియెల్ పుట్టింది కాన్సాస్‌లో, పెరిగింది కొలరాడోలో. ఆ యాస ఆమె పెరిగిన ప్రాంతానిది కాదు. బహుమతి రాత్రి ఆమెను విడిగా వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. 1980 నాటి ‘ఎయిర్‌ప్లేన్’లో ఇద్దరు నల్ల ప్రయాణికుల మాటలకు సబ్‌టైటిళ్లు వేయడమే జోకు.

1991లో నల్లజాతి దర్శకురాలు జూలీ డాష్ ‘డాటర్స్ ఆఫ్ ద డస్ట్’లో దక్షిణ కరొలైనా, జార్జియా తీర దీవుల గల్లా పలుకును చాలావరకు సబ్‌టైటిళ్లు లేకుండానే వినిపించింది. ఆ పలుకులో ఆఫ్రికా భాషల పాలు ఎంతో భాషావేత్త లొరెంజో డౌ టర్నర్ 1949లోనే పుస్తకంగా చూపించాడు. నటులకు మాత్రం అది కొత్త, శిక్షకుణ్ణి పెట్టి నేర్పించాల్సి వచ్చింది. అర్థం కాని ప్రేక్షకుడి కోసం డాష్ ఆగలేదు. 2004లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆ సినిమాను భద్రపరచదగ్గ చిత్రాల జాబితాలో చేర్చింది.