‘తెలుగు’లో అక్షరాలెన్ని? కోడ్ లెక్కల మీద కొన్ని అపోహలు, వాస్తవాలు

ప్రోగ్రామింగ్ నేర్చుకునేటప్పుడు దాదాపు అందరూ చేసే అభ్యాసం ఒకటుంది. ఒక స్ట్రింగ్, అంటే కొంత టెక్స్ట్, ఇస్తారు. అందులో అచ్చులెన్ని, హల్లులెన్ని, అంకెలెన్ని, మిగతా గుర్తులెన్ని అని లెక్కపెట్టాలి. ఇంగ్లీషు వాక్యానికి పది నిమిషాల పని. అదే కోడ్‌కి తెలుగు వాక్యం ఇస్తే మొత్తం ‘మిగతా గుర్తుల్లో’ పడుతుంది. తెలుగు టెక్స్ట్‌తో రోజూ పనిచేస్తాను కాబట్టి, నాకు తరచూ ఎదురయ్యే అపోహలు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: స్ట్రింగ్ పొడవు చెప్పే లెన్ (len) ఫంక్షన్ ఇచ్చేది అక్షరాల సంఖ్య.

వాస్తవం: పైథాన్‌లో ‘తెలుగు’ పొడవు 6. మన కంటికి మూడే: తె, లు, గు. అన్ని లిపుల గుర్తులకీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో హల్లుకి ఒక కోడ్ పాయింట్ (అంటే ఒక నంబరు), గుణింతపు గుర్తుకి ఇంకొకటి. అందుకే త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. అదే మాట కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 18 బైట్లు, ఎందుకంటే ఒక్కో తెలుగు కోడ్ పాయింట్‌కి 3 బైట్లు కావాలి. 3, 6, 18 మూడూ సరైన జవాబులే. ఏది కావాలో పనిని బట్టి ఉంటుంది. ఒరాకిల్ డేటాబేస్‌లో మామూలు సెట్టింగ్‌తో 10 పొడవున్న వర్‌క్యార్2 కాలమ్ అంటే 10 బైట్లు, అందులో ‘తెలుగు’ పట్టదు. మైఎస్‌క్యూఎల్ వర్‌క్యార్‌లో అదే 10కి పడుతుంది, అక్కడ లెక్క కోడ్ పాయింట్లలో. ఎస్ఎంఎస్‌లో ఇంగ్లీషుకి 160 ఉంటే తెలుగుకి 70. ఆ 70లో గుణింతాలు, పొల్లులు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి.

అపోహ: ఈజ్‌ఆల్ఫా (isalpha) అనే ఫంక్షన్‌ని అడిగితే అక్షరమో కాదో తేలిపోతుంది.

వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. పైథాన్‌లో ‘కమల’కి ట్రూ వస్తుంది, ‘సీత’కి ఫాల్స్ వస్తుంది. కారణం గుడిదీర్ఘం. గుణింతపు గుర్తుల్ని, పొల్లుని యూనికోడ్ ‘లెటర్’ తరగతిలో కాకుండా ‘మార్క్’ తరగతిలో పెట్టింది. ఈజ్‌ఆల్ఫా చూసేది లెటర్లనే. ఒక ప్రాజెక్టులో పేరు నింపే ఫారం ఇలాగే రాసి ఉంది. తెలుగులో పేరు రాసినవాళ్లలో చాలామందికి ‘పేరులో అక్షరాలే ఉండాలి’ అని ఎర్రటి మెసేజ్ వచ్చేది. సొంత పేరు సొంత లిపిలో రాస్తే తప్పని చెప్పించుకోవడం ఎవరికైనా కష్టంగానే ఉంటుంది.

టెక్స్ట్‌లో నమూనాలు వెతికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌దీ ఇదే కథ. పైథాన్‌తో వచ్చే ఆర్‌ఈ మాడ్యూల్‌లో మాటలో ఉండే గుర్తుల్ని పట్టే బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ (\w) వాడి మాటల్ని ఏరితే ‘తెలుగు’ అనే ఒక్క మాట త, ల, గ అని మూడు మాటలవుతుంది. యూనికోడ్‌డేటా మాడ్యూల్‌ని కేటగిరీ అడిగి, ‘ఎల్’ (లెటర్)తో మొదలయ్యేవాటితో పాటు ‘ఎం’ (మార్క్)తో మొదలయ్యేవాటినీ ఒప్పుకుంటే ఈ రెండు ఇబ్బందులూ పోతాయి.

అపోహ: అ నుంచి ఔ వరకు ఉన్నవి లెక్కపెడితే అచ్చులు వచ్చేస్తాయి.

వాస్తవం: ‘కమల’లో అలా వెతికితే సున్నా వస్తుంది. పలికి చూస్తే మూడు అకారాలు. హల్లు కనిపించగానే దాని తర్వాత ఏముందో చూడాలి. గుణింతపు గుర్తుంటే ఆ అచ్చు, పొల్లుంటే అచ్చు లేదు, రెండూ లేకపోతే అకారం. సున్న, అరసున్న, విసర్గలని ఎటు వేయాలని అడుగుతుంటారు. మన వ్యాకరణం వాటిని ఉభయాక్షరాలని ఎప్పుడో విడిగా పెట్టింది, కోడ్‌లోనూ వాటికి వేరే లెక్క పెట్టండి.

అపోహ: గ్రాఫీమ్‌లని, అంటే కంటికి ఒక్క అక్షరంగా కనిపించేవాటిని, లెక్కపెట్టే లైబ్రరీ పెట్టుకుంటే ఇక టెన్షన్ లేదు.

వాస్తవం: చాలావరకు నిజమే, కానీ వెర్షన్ చూసుకోవాలి. ‘అమ్మ’లో కోడ్ పాయింట్లు 4. పాత యూనికోడ్ నియమాల ప్రకారం అ, మ్, మ అని 3 గ్రాఫీమ్‌లు. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 తెలుగు సంయుక్తాక్షరాలని కలిపి ఉంచే నియమం చేర్చింది, అప్పటినుంచి 2. పద్యాల లెక్కకి అదీ చాలదు. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలుండాలి. ‘వచ్చెన్’ ఛందస్సులో రెండక్షరాలే, చివరి పొల్లు ముందు అక్షరంలో కలిసిపోతుంది. గ్రాఫీమ్ లెక్కలో మాత్రం మూడు.

అపోహ: అంకెలు ఎక్కడైనా అంకెలే.

వాస్తవం: పైథాన్ ౧౨ని అంకెలుగా గుర్తించి 12గా మార్చగలదు. జావాస్క్రిప్ట్‌లో అంకెల్ని వెతికే బ్యాక్‌స్లాష్ డీ (\d)కి 0 నుంచి 9 వరకే తెలుసు.

అపోహ: కంటికి ఒకేలా కనిపించే రెండు మాటలకి పొడవు ఒకటే.

వాస్తవం: ఐత్వాన్ని ఒకే కోడ్ పాయింట్‌గానూ రాయొచ్చు, రెండు ముక్కలుగానూ రాయొచ్చు. లెక్కకి ముందు స్ట్రింగ్‌ని, ఇలాంటి ముక్కల్ని ఒకటిగా కలిపే ఎన్‌ఎఫ్‌సీ రూపానికి మార్చుకుంటే అది సర్దుకుంటుంది. సర్దుకోనిది ‘ఆన్‌లైన్’ మధ్యలో కనిపించకుండా ఉండే జీరో విడ్త్ నాన్ జాయినర్, అంటే పక్క అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు. దానితో పొడవు 8, లేకపోతే 7. దాన్ని లెక్కలోంచి తీసేయండి, స్ట్రింగ్‌లోంచి మాత్రం తీయకండి. తీస్తే న కింద ల వత్తు చేరి ‘ఆన్లైన్’ అయిపోతుంది.