ఉద్యోగి ఇచ్చిన గంటకు విలువెంత? సీఎస్‌ఆర్ లెక్కల వెనుక కథ

గచ్చిబౌలి, రాయదుర్గం వైపున్న ఆడిట్, ట్యాక్స్, కన్సల్టింగ్ సంస్థల ఉద్యోగులు ఏటా ఒకరోజైనా ప్రభుత్వ బడికో, అనాథాశ్రమానికో, చెరువు గట్టుకో వెళ్లి సేవ చేసి వస్తుంటారు. ఏడాది తిరిగేసరికి ఆ గంటలన్నీ కూడి సంస్థ నివేదికలో పెద్ద అంకెగా అచ్చవుతాయి. కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) లెక్కలో మన కంపెనీల చట్టం మాత్రం ఆ గంటలకు కట్టే విలువ సున్నా. ఈ తేడా ఎలా వచ్చిందో తెలియకపోతే కంపెనీకీ ఇబ్బందే, సాయం అందుకునే స్వచ్ఛంద సంస్థకు ఇంకా ఇబ్బంది.

కంపెనీ సొమ్ము వాటాదారులది, దాన్ని దానం చేసే హక్కు డైరెక్టర్లకు ఎక్కడిది అన్నదే మొదట్లో వచ్చిన తగాదా. 1883లో ఇంగ్లండు కోర్టు ముందుకొచ్చిన కేసులో ఒక రైల్వే కంపెనీ మూతపడే దశలో తన అధికారులకు, డైరెక్టర్లకు కానుకలు ఇవ్వబోయింది. కంపెనీకి మేలు చేసేంతవరకే ఔదార్యం చెల్లుతుందని కోర్టు తేల్చింది. 1953లో అమెరికాలోని న్యూజెర్సీ కోర్టు ముందుకు ఇలాంటి తగువే వచ్చింది. ఏపీ స్మిత్ అనే కంపెనీ ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి ఇచ్చిన 1,500 డాలర్ల మీద వాటాదారులు అభ్యంతరం చెప్పారు. కోర్టు కంపెనీ పక్షాన నిలబడింది. సమాజం బాగుంటేనే వ్యాపారం బాగుంటుందన్న వాదానికి అలా చట్టబలం దొరికింది.

దానం చేయొచ్చా అన్న ప్రశ్న తేలాక, చేసినదాన్ని ఎలా లెక్కపెట్టాలన్నది ముందుకొచ్చింది. బ్రిటన్‌లో 1981 నాటి బ్రిక్స్‌టన్, టాక్స్‌టెత్ అల్లర్ల తర్వాత, 1982లో ‘బిజినెస్ ఇన్ ద కమ్యూనిటీ’ అనే కంపెనీల వేదిక ఏర్పడింది. 1994లో ఆరు కంపెనీలు కలిసి లండన్ బెంచ్‌మార్కింగ్ గ్రూప్‌గా ఒక కొలత తయారుచేసుకున్నాయి. అందులో నాలుగు పద్దులు: నగదు, ఉద్యోగుల సమయం, వస్తురూప సాయం, నిర్వహణ ఖర్చు. సమయం పద్దులో జీతం పడే పనివేళలే చేరతాయి. ఆదివారం ఉద్యోగి సొంతంగా చేసిన సేవ ఆ ఉద్యోగి దానమే, కంపెనీది కాదు. విలువ కట్టేది కూడా గంటకు కంపెనీకి పడిన ఖర్చును బట్టే గాని, క్లయింటుకు వేసే బిల్లును బట్టి కాదు.

ఈ చివరి నియమం మిగతా పరిశ్రమలకంటే ఆడిట్, కన్సల్టింగ్ సంస్థలకు చాలా ముఖ్యం. సిమెంటు కంపెనీ సిమెంటు అమ్ముతుంది, వీళ్లు అమ్మేదే గంటలు. ఉదాహరణకు ఒక ఉద్యోగి గంటకు సంస్థకు పడే ఖర్చు 900 రూపాయలు, క్లయింటుకు వేసే బిల్లు 4,000 రూపాయలు అనుకుందాం. 500 మంది ఎనిమిదేసి గంటలు పనిచేస్తే 4,000 గంటలు. బిల్లు రేటున చూస్తే కోటీ 60 లక్షలు, ఖర్చు రేటున 36 లక్షలు, మన చట్టం ప్రకారం సున్నా. ఏ సంస్థ నివేదికైనా ‘ఇన్ని కోట్ల విలువైన సేవ’ అని చెబితే ముందు అడగాల్సింది ఏ రేటున కట్టారన్నదే.

మన దేశంలో కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2009 డిసెంబరులో సీఎస్‌ఆర్‌కు స్వచ్ఛంద మార్గదర్శకాలు తెచ్చింది. ఆ ఏడాది జనవరిలోనే సత్యం కుంభకోణం బయటపడింది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్స్ సేవకు సత్యం రామలింగరాజే మూలపురుషుడు. ఆయన పతనంతో ఆ సేవకు కొత్త యాజమాన్యం వెతకాల్సి వచ్చింది, జీవీకే ముందుకొచ్చింది. ప్రాణాలు నిలిపే సేవ ఒక్క దాత మీద ఆనుకుంటే ఏమవుతుందో తెలుగువాళ్లు అప్పుడే దగ్గరగా చూశారు.

2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. నికర విలువ 500 కోట్లు, టర్నోవరు 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి చేరినా అంతకు ముందరి మూడేళ్ల సగటు నికర లాభంలో రెండు శాతం ఖర్చు చేయాలి. ఉద్యోగుల సమయం సంగతేమిటన్న ప్రశ్న వెంటనే లేచింది. 2014 జూన్ 18 నాటి సర్క్యులర్, వాలంటీర్లుగా వెళ్లిన ఉద్యోగుల జీతాన్ని వాళ్లు వెచ్చించిన గంటల మేరకు సీఎస్‌ఆర్ ఖర్చులో కలుపుకోవచ్చంది. ఆ వెసులుబాటు నిలవలేదు. 2016 జనవరి 12 నాటి సర్క్యులర్ ఉద్యోగుల్ని సేవలో పాల్గొనేలా ప్రోత్సహించమంటూనే, వాళ్ల ఉచిత సేవను రూపాయల్లోకి మార్చి చూపడం కుదరదంది. 2021 ఆగస్టు 25న శాఖ అదే మాట మళ్లీ చెప్పింది. చట్టంలో ఉన్నది ‘ఖర్చు చేయాలి’ అని. ఎలాగూ ఇస్తున్న జీతం కొత్త ఖర్చు కాదు.

ఇది మంచి నిర్ణయమే. అడ్డు లేకపోతే ఆఫీసు విహారయాత్రలో రెండు మొక్కలు నాటించి, ఆ రోజు జీతాలన్నీ రెండు శాతంలో కలిపేసేవాళ్లు తప్పక బయల్దేరేవారు. ఉద్యోగుల ప్రయోజనం కోసం చేసేది సీఎస్‌ఆర్ కాదని 2021 నిబంధనలు ఎలాగూ చెబుతున్నాయి. అందుకే సేవా దినానికి కొనే టీషర్టులు, బస్సులు, భోజనాలు హెచ్‌ఆర్ బడ్జెట్లో ఉండటమే క్షేమం.

ఇంకో చిక్కుంది. 135వ సెక్షన్ కంపెనీలకే వర్తిస్తుంది. భాగస్వామ్య సంస్థలకు, ఎల్‌ఎల్‌పీలకు (పరిమిత బాధ్యత భాగస్వామ్యాలకు) వర్తించదు. ఒకే బ్రాండు కింద ఆడిట్ చేసే ఎల్‌ఎల్‌పీ ఒకటి, విదేశీ కార్యాలయాలకు పనిచేసే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ మరొకటి ఉండవచ్చు. అందువల్ల స్వచ్ఛంద సంస్థ మొదట కనుక్కోవాల్సింది, చెక్కు మీద ఏ సంస్థ పేరు ఉంటుందన్నది. కంపెనీ సీఎస్‌ఆర్ నిధి అయితే 1961 ఆదాయపు పన్ను చట్టంలో 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను రాయితీ) అని పిలిచిన గుర్తింపులు, మూడేళ్ల అనుభవం, కార్పొరేట్ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్‌ఆర్-1 ఫారంతో పొందే నమోదు సంఖ్య చూపించాలి. విదేశంలోని ఫౌండేషన్ నుంచి వచ్చే డబ్బయితే విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఖాతా ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ నిధిలో పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు, మరో సంస్థకు బదిలీ చేయనూ కూడదు.

గంటలకు చట్టంలో విలువ లేకపోవడంతో వాలంటీరింగ్ సీఎస్‌ఆర్ కమిటీ చేతినుంచి జారి హెచ్‌ఆర్ చేతికి చేరిన చోట్ల అది ఒక్కరోజు కార్యక్రమంగా కుదించుకుపోయింది. రెండు వందల మంది బడి గోడలకు రంగులు వేస్తారు. ముందు గోడ గీకించడం, ప్రైమర్ వేయించడం, తర్వాత మరకలు సరిదిద్దించడం స్వచ్ఛంద సంస్థ మీద పడతాయి. ఆ ఖర్చు ఎవరూ ఇవ్వరు. అదే సంస్థలో పద్దులు చూసే మనిషి లేక పన్ను రాయితీ పొందే దాతల వివరాల ఫారం (1961 ఆదాయపు పన్ను చట్టం కింద 10బీడీ) మే 31లోపు పడకపోతే, రోజుకు 200 రూపాయల ఆలస్య రుసుం. ఆడిట్ తెలిసినవాళ్లు ఇవ్వగలిగింది ఇక్కడే ఉంది.

ఆ సాయం ఎందుకు అందదంటే, రెండు కారణాలు. ఒకటి క్యాలెండరు. స్వచ్ఛంద సంస్థకు అవసరం ఏప్రిల్ నుంచి మే దాకా, మళ్లీ సెప్టెంబరు చివర ఆడిట్ నివేదిక గడువుకు ముందు. ఆడిటర్లు ఊపిరి సలపకుండా ఉండేదీ అప్పుడే. కాబట్టి పనిని విడగొట్టాలి: వోచర్లు, బ్యాంకు ఖాతా సరిచూడటం, దాతల పాన్ వివరాలు సేకరించడం నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నెలకోసారి ఇద్దరు వచ్చి ముగిస్తే, గడువు నాటికి మిగిలేది దాఖలు చేయడమే.

రెండోది స్వతంత్రత. పద్దులు రాసినవాళ్లే ఆడిట్ చేయడం కుదరదు. లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీగా నమోదైన సంస్థ అయితే, దాని చట్టబద్ధ ఆడిటరు అదే సంస్థకు బుక్‌కీపింగ్ చేయడాన్ని కంపెనీల చట్టం 144వ సెక్షన్ నిషేధిస్తుంది. ఉచితంగా చేసినా తేడా లేదు. ట్రస్టులకూ వృత్తి నియమావళి ప్రకారం ఈ జాగ్రత్త తప్పదు. కనుక వాలంటీర్లను పంపేముందు సంస్థ తన క్లయింట్ల జాబితాతో ఆ పేరు సరిచూసుకోవాలి.

ఒప్పందం రెండు పేజీలు చాలు. ఎవరు, ఎన్ని గంటలు, ఏ పని పూర్తిచేసి అప్పగిస్తారు, దాతల వివరాలు ఎవరి కంప్యూటర్లో ఉంటాయి, సంతకం బాధ్యత ఎవరిది, మధ్యలో వాలంటీరు వేరే ప్రాజెక్టుకు మారితే బదులు ఎవరొస్తారు అన్నవి అందులో ఉండాలి. చివరి అంశాన్ని వదిలేస్తే, ఫిబ్రవరిలో మనిషి మారి పద్దులు సగంలో ఆగిపోతాయి.