స్క్రైబ్‌ను వెతకాల్సింది విద్యార్థేనా?

సెమిస్టర్ పరీక్షల నోటిఫికేషన్ పడిందంటే చూపులేని విద్యార్థికి చదువుకన్నా ముందు ఇంకో పని మొదలవుతుంది. పరీక్ష రాసిపెట్టే మనిషిని, అంటే స్క్రైబ్‌ను వెతుక్కోవాలి. ఆ మనిషి తనకన్నా ఒక మెట్టు తక్కువ చదివి ఉండాలి. మూడు గంటల పేపరైతే అదనపు సమయంతో కలిపి నాలుగు గంటలు ఓపిగ్గా కూర్చోవాలి. ఒత్తులు, దీర్ఘాలు తప్పు పోకుండా రాయగలగాలి. అదే రోజు తన సొంత పరీక్ష ఉండకూడదు. అలాంటివాడు దొరికితే అతని ఫొటో, గుర్తింపు కార్డు, వైకల్యాన్ని ధ్రువీకరించే తన సదరం సర్టిఫికెట్ నకలు జతచేసి ఎగ్జామినేషన్ బ్రాంచికి వెళ్లాలి. ఆఖరు నిమిషంలో స్క్రైబ్‌కి జ్వరం వస్తే కథ మళ్లీ మొదటికి. అనంతపురంలోనైనా కర్నూలులోనైనా కడపలోనైనా పీజీ హాస్టల్లో ఉన్నవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. అయితే 1995 నాటి చట్టంలోనే ఈ పని విద్యాసంస్థదని రాశారు. రాసి ఉన్న పని ఇన్నేళ్లూ విద్యార్థి నెత్తిమీదే ఎలా ఉండిపోయిందో తెలియాలంటే వెనక్కి వెళ్లాలి.

అనంతపురంలో ఇంజినీరింగ్ కాలేజీ 1946 నాటిది. శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ 1968లో ఇక్కడ పీజీ సెంటర్ పెట్టింది. 1981లో అదే శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ అయింది. ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరంగా జరిపిందీ ఆ 1981నే. అప్పటి విధానాల్లో మాత్రం ఈ రెండింటికీ ముడి లేదు. వికలాంగులంటే సంక్షేమ శాఖ చూసుకోవాల్సినవాళ్లు. పింఛను, ట్రైసైకిల్, కృత్రిమ కాలు, బస్ పాస్, అంతవరకే. మామూలు బడుల్లోనే వికలాంగ పిల్లల్ని చదివించే పథకాన్ని కేంద్రం 1974లోనే తెచ్చినా అది బడి గడప దాటలేదు. ఇంటర్ పాసై, డిగ్రీ పాసై వచ్చిన పిల్లవాడికి యూనివర్సిటీ ఏం చేసిపెట్టాలో ఎక్కడా రాసిపెట్టలేదు.

ఆ రోజుల్లో క్యాంపస్‌లో కనిపించే వికలాంగ విద్యార్థి ఎక్కువగా పోలియో సోకినవాడు. కాలికి కాలిపర్, చంకలో కర్ర. తరగతి మొదటి అంతస్తులో ఉంటే మిత్రులు చెయ్యి పట్టుకుని ఎక్కించేవాళ్లు, మెట్లు మరీ ఎక్కువైతే ఎత్తుకునేవాళ్లు. చూపులేని విద్యార్థికి రూమ్మేటే పుస్తకం. రాత్రి మెస్ అయ్యాక అతను పాఠం పైకి చదివితే ఇతను వినేవాడు, టేప్ రికార్డర్ ఉంటే క్యాసెట్‌లోకి ఎక్కించుకునేవాడు. పరీక్షల ముందు రూమ్మేట్‌కి తన చదువు తనకుంటుంది కాబట్టి అసలు అవసరమైనప్పుడే ఆ గొంతు దొరికేది కాదు. ఆ స్నేహాలు గొప్పవే, వాటి పుణ్యాన డిగ్రీలు పూర్తిచేసి ఉద్యోగాల్లో చేరినవాళ్లు ఎందరో. కానీ స్నేహితులు చూసుకుంటున్నారులే అని సంస్థలు నిశ్చింతగా ఉండిపోవడం కూడా ఆ కాలంలోనే అలవాటైంది. నా దృష్టిలో ఈ సమస్యకు మూలం అక్కడుంది.

అనంతపురం జిల్లాలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్‌డీటీ) పని గురించి ఇక్కడ చెప్పుకోవాలి. విన్సెంట్ ఫెర్రర్, అన్నే ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి మొదలుపెట్టిన ఈ సంస్థ తర్వాతి కాలంలో వినికిడి లేని పిల్లలకు, చూపులేని పిల్లలకు, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు ప్రత్యేక పాఠశాలలు నడిపింది. కరువు జిల్లాలో, పల్లెటూరి పేద ఇళ్లనుంచి వికలాంగ పిల్లలు పదో తరగతి మెట్టు ఎక్కడానికి ఇలాంటి బడులు దారి వేశాయి. పిల్లలు పైకొచ్చారు. పైన వాళ్లకోసం ఏర్పాట్లు లేవు.

మొదటి చట్టం 1995లో వచ్చింది. 1996 ఫిబ్రవరి 7 నుంచి అమలైంది. 7 రకాల వైకల్యాలు, కనీసం 40 శాతం వైకల్యం ఉండాలన్న హద్దు, ప్రభుత్వ, ఎయిడెడ్ విద్యాసంస్థల సీట్లలో 3 శాతం రిజర్వేషన్. ఇందులో 31వ సెక్షన్ చిన్నది, ఒకే వాక్యం: చూపులేని, చూపు మందగించిన విద్యార్థులకు రాసిపెట్టే మనిషిని విద్యాసంస్థలన్నీ సమకూర్చాలి. ర్యాంపుల గురించి చెప్పిన సెక్షన్‌లో ‘ఆర్థిక స్థోమతకు లోబడి’ అన్న వెసులుబాటు ఉంది. 31వ సెక్షన్‌లో అది లేదు. అంటే డబ్బుల్లేవు అని తప్పించుకోవడానికి వీల్లేని బాధ్యత అది. ఆచరణలో జరిగింది తారుమారు. ర్యాంపు కంటికి కనిపిస్తుంది, తనిఖీకి వచ్చినవాళ్లకు చూపించవచ్చు, కాబట్టి సిమెంటు పోశారు. స్క్రైబ్ విషయంలో సంస్థ పాత్ర అనుమతి ఇవ్వడానికి కుదించుకుపోయింది. నువ్వు తెచ్చుకో, మేం సంతకం పెడతాం, ఇదీ పద్ధతి.

ఆ తర్వాత యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) వర్సిటీలకు, కాలేజీలకు ప్రత్యేక పథకం తెచ్చింది. వికలాంగ విద్యార్థుల కోసం ఒక సహాయ విభాగం, భవనాల్లో మార్పులు, పరికరాలు, ఈ మూడింటికీ నిధులు. దరఖాస్తు చేసుకున్న సంస్థకే డబ్బు కాబట్టి పట్టించుకునే అధ్యాపకుడు ఒక్కరున్నచోట పని జరిగింది, లేనిచోట లేదు. ఆ అధ్యాపకుడు రిటైరైతే ఆయన పెట్టించిన కంప్యూటర్ గదికి తాళం పడేది. పైగా యూజీసీ నిధులు నడిచింది పంచవర్ష ప్రణాళికల లెక్కన. ఆ ప్రణాళికల పద్ధతే 2017 మార్చి 31తో ఆగిపోయింది.

ఈ మధ్యలో మన ప్రాంతంలో వర్సిటీల సంఖ్య పెరిగింది. కడప పీజీ సెంటర్ 2006లో యోగి వేమన యూనివర్సిటీ అయింది. 2008లో కర్నూలులో రాయలసీమ యూనివర్సిటీ, అనంతపురంలో జేఎన్‌టీయూ వచ్చాయి. కర్నూలులో ఉర్దూ యూనివర్సిటీ, 2018లో అనంతపురంలో కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆ తర్వాతివి. 1995 చట్టం తర్వాత లేచిన ప్రతి భవనానికీ ర్యాంపు, లిఫ్టు, వీల్‌చైర్ పట్టే మరుగుదొడ్డి మొదటి ప్లానులోనే ఉండాలి. పాత భవనాలకు చెప్పుకునే సాకు కొత్తవాటికి చెల్లదు.

భారతదేశం 2007 అక్టోబర్ 1న ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందాన్ని ఆమోదించింది. దానికి తగ్గట్టు కొత్త చట్టం రావడానికి తొమ్మిదేళ్లకు పైగా పట్టింది. 2016 డిసెంబర్‌లో పార్లమెంటు ఆమోదించిన వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. వైకల్యాల జాబితా 7 నుంచి 21కి పెరిగింది. తలసేమియా, హీమోఫీలియా, యాసిడ్ దాడి బాధితులు, డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలు చేరాయి. ఉన్నత విద్యలో రిజర్వేషన్ 3 నుంచి 5 శాతానికి పెరిగింది, వయసులో 5 ఏళ్ల సడలింపు వచ్చింది. దేశవ్యాప్త ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2019-20లో వికలాంగ విద్యార్థులు 92,831 మంది. కోవిడ్ ఏడాది 2020-21లో 79,035కి పడిపోయారు. ఆ ఏడు మొత్తం విద్యార్థులు 4.14 కోట్లు. చట్టం 5 శాతం సీట్లు అంటుంది, లోపల ఉన్నవాళ్లు నూటికి 0.2 కూడా లేరు. సీటు ఇచ్చినంత మాత్రాన చదువు సాగదని చెప్పడానికి ఈ అంకె చాలు.

పోలియో సంగతి మళ్లీ చెప్పుకోవాలి. దేశంలో సహజ పోలియో వైరస్ వల్ల చివరి కేసు 2011 జనవరిలో వచ్చింది. ఇప్పుడు పీజీలో చేరుతున్న తరంలో పోలియో బాధితులు అరుదు. వస్తున్నవాళ్లు చూపు మందగించినవాళ్లు, వినికిడి లోపం ఉన్నవాళ్లు, అభ్యసన వైకల్యం ఉన్నవాళ్లు, మానసిక అనారోగ్యంతో మందులు వాడుతున్నవాళ్లు. మెట్ల పక్కన ర్యాంపు కట్టినంత మాత్రాన వీళ్లకు ఒరిగేదేం లేదు. సదుపాయం అనగానే ర్యాంపే గుర్తొచ్చే పాత అలవాటును వదిలించుకోవాల్సిన సమయం ఇది.

పరీక్షల నియమాల చరిత్ర అయితే ఒక పెద్ద పోరాటం. 2013 ఫిబ్రవరిలో కేంద్ర సామాజిక న్యాయ శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం అందులోదే. స్క్రైబ్ చదువు, మార్కులు, వయసుపై షరతులు పెట్టొద్దని కూడా చెప్పింది. 2018 ఆగస్టులో వాటిని మార్చి, అభ్యర్థి సొంతంగా స్క్రైబ్‌ను తెచ్చుకుంటే అతను ఒక మెట్టు తక్కువ చదివి ఉండాలన్నారు. కాపీ జరుగుతుందన్న భయం ఆ మార్పు వెనక ఉంది. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. కానీ ఎంఎస్సీ కెమిస్ట్రీ పేపర్‌లో సమీకరణాలు చెబితే పట్టుకుని రాయాల్సింది కూడా ఆ ఒక మెట్టు తక్కువ మనిషే. అదే మార్గదర్శకాల్లో ఇంకో మాట కూడా ఉంది: స్క్రైబులు, చదివి వినిపించేవాళ్లు, ల్యాబ్ అసిస్టెంట్లతో జిల్లా స్థాయిలో జాబితాలు తయారుచేయొచ్చని. షరతును అందరూ పట్టుకున్నారు, జాబితా మాట కాగితం మీదే ఉండిపోయింది. డిగ్రీ కాలేజీలు ఇన్ని ఉన్న అనంతపురంలో, కర్నూలులో ఎన్‌ఎస్‌ఎస్ వలంటీర్లతో అలాంటి జాబితా తయారుచేయడం పెద్ద పనేం కాదు.

40 శాతం హద్దు మీద మలుపు 2021లో వచ్చింది. చేతివేళ్లు బిగుసుకుపోయి రాయలేని సివిల్స్ అభ్యర్థి వికాస్ కుమార్‌కు యూపీఎస్సీ స్క్రైబ్‌ను నిరాకరించింది. ఆ ఏడాది ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు ఆ అభ్యర్థి పక్షాన తీర్పిచ్చింది. రిజర్వేషన్‌కు పెట్టిన 40 శాతం కొలతను స్క్రైబ్‌కు ముడిపెట్టడం తప్పంది. దాని ఆధారంగా 40 శాతం లోపు వైకల్యం ఉన్నవాళ్లకూ 2022 ఆగస్టులో మార్గదర్శకాలు వచ్చాయి. సర్టిఫికెట్‌లో 38 శాతం ఉందని వెనక్కి పంపించడం ఇక కుదరదు. ఈ సంగతి కౌంటర్ దగ్గర కూర్చున్న ఉద్యోగికి తెలియకపోతే విద్యార్థే తీర్పు ప్రింటు తీసుకెళ్లి చూపించుకోవాలి.

తెలుగు మీడియం విద్యార్థికి ఇంకో గోడ ఉంది, దీని గురించి బయట మాట్లాడేవాళ్లు తక్కువ. చూపులేనివాళ్లకు కంప్యూటర్ తెరమీది అక్షరాలను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్లు వచ్చాయి. వాటిలో 2006లో మొదలైన ఎన్‌వీడీఏ ఉచితం, తెలుగు కూడా చదువుతుంది. సమస్య చదవాల్సిన నోట్స్‌తో. మన డీటీపీ సెంటర్లలో ఏళ్లతరబడి టైపు చేసింది అను ఫాంట్లలో. ఆ ఫాంట్లు తెలుగు అక్షరాల బొమ్మల్ని ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో దాచుకుంటాయి. కంటికి చక్కటి తెలుగు కనిపిస్తుంది, స్క్రీన్ రీడర్‌కి మాత్రం అర్థంపర్థం లేని ఇంగ్లీషు గుర్తుల వరుస దొరుకుతుంది. తెలుగు సాహిత్యం ఎంఏ చదివే విద్యార్థి హెడ్‌ఫోన్ పెట్టుకుని శ్రీనాథుడి పద్యం వినబోతే చెవిలో పడేది ఆ గుర్తుల మోతే. జిరాక్స్ నోట్స్‌ని ఫొటో తీసి చేసిన పీడీఎఫ్ అయితే ఇంకా నయం, అసలేమీ వినిపించదు. ప్రతి భాష అక్షరాలకూ కంప్యూటర్‌లో సొంత స్థానాలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది. అయినా పాఠాలు యూనికోడ్‌లో టైపు చేయించి ఇవ్వాలన్న నియమాన్ని పెట్టుకోవడానికి వర్సిటీలకు ఒక సర్క్యులర్ చాలు, కోట్ల రూపాయల అవసరం లేదు. కాపీరైట్ భయమూ అక్కర్లేదు. 2012 సవరణ వికలాంగులు చదవగలిగే రూపంలోకి పుస్తకాన్ని మార్చుకోవడానికి అనుమతించింది. అదే ఉద్దేశంతో వచ్చిన మరాకెష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికన్నా ముందు ఆమోదించింది మన దేశమే. 2016లో ఇలాంటి పాఠకుల కోసం సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీ కూడా వచ్చింది.

సైన్స్ సంగతి మరీ అన్యాయం. పదో తరగతి తర్వాత చూపులేని పిల్లలకు సైన్స్ గ్రూపు ఇవ్వబోమని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే అడ్డుకున్నారు. మచిలీపట్నం ప్రాంతం నుంచి వచ్చిన శ్రీకాంత్ బొల్లా కోర్టుకెళ్లి ఆ సీటు సాధించుకున్నారు, తర్వాత అమెరికాలో ఎంఐటీలో చదివారు. కింద దారి మూసేస్తే పైన పీజీ ల్యాబులో ఏర్పాట్లు ఎందుకు లేవని అడిగేవాళ్లే ఉండరు.

వినికిడి లేని విద్యార్థుల గురించి రాయడానికి అంతగా జరిగింది లేదు, అదే బాధ. భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం ఢిల్లీలో ఏర్పడిందే 2015లో. తరగతిలో పాఠాన్ని సంజ్ఞల్లో చెప్పే ఇంటర్‌ప్రిటర్ లేకపోతే ఆ విద్యార్థి బోర్డు చూసి, పక్కవాడి నోట్స్ చూసి రాసుకుంటాడు. హాజరు పడుతుంది, పాఠం అందదు.

2016 చట్టం కింద వచ్చిన నియమాలు 2017 జూన్‌లో విడుదలయ్యాయి. అప్పటి నుంచి ఐదేళ్లలోగా పాత ప్రభుత్వ భవనాలను అందరూ వాడుకునేలా మార్చాలని చట్టం గడువు పెట్టింది. అది 2022 జూన్‌తో తీరిపోయింది. అదే ఏడాది యూజీసీ ఉన్నత విద్యాసంస్థల కోసం సదుపాయాల ప్రమాణాలు ప్రకటించింది. ఇప్పుడు అడగడానికి కాగితం లేదనే మాట లేదు. ప్రతి ప్రభుత్వ సంస్థలో ఫిర్యాదులు తీసుకునే అధికారి ఉండాలి. అక్కడ పని కాకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు రాయవచ్చు. సాక్షులను పిలిపించడంలో, రికార్డులు తెప్పించడంలో ఆ కమిషనర్‌కు సివిల్ కోర్టు అధికారాలున్నాయి. చట్టాన్ని మొదటిసారి ఉల్లంఘిస్తే 10,000 రూపాయల దాకా, మళ్లీ ఉల్లంఘిస్తే 50,000 నుంచి 5 లక్షల రూపాయల దాకా జరిమానా పడుతుంది.