వార్మ్ గేర్ వెనక్కి తిరుగుతుందా?

పాలిటెక్నిక్ చదివే కుర్రాడిని అడిగినా, గేర్‌బాక్సులు అమ్మే షాపులో అడిగినా ఒకటే మాట చెబుతారు. వార్మ్ చక్రాన్ని తిప్పుతుంది, చక్రం మాత్రం వార్మ్‌ని తిప్పలేదు, మోటారు ఆపేస్తే బరువు ఎక్కడిదక్కడ లాక్ అయిపోతుంది అని. ఈ మాటలో నిజం ఉంది. కానీ దాన్ని నమ్ముకుని వేలాడే బరువు కింద మనిషిని నిలబెట్టేంత నిజం లేదు.

వార్మ్ అంటే ఉక్కుతో చేసిన మర. దాని చుట్లలో ఇమిడేలా పళ్ళు కోసిన చక్రం, సాధారణంగా కంచుది, దాని పక్కన ఉంటుంది. మర ఒంటి చుట్టుదైతే, అంటే సింగిల్ స్టార్ట్ అయితే, అది ఒకసారి తిరిగినప్పుడు చక్రం ఒక పన్ను మేర కదులుతుంది. చక్రానికి 40 పళ్ళుంటే అది పూర్తిగా తిరగడానికి మర 40 సార్లు తిరగాలి.

కాగితాన్ని లంబకోణ త్రిభుజంలా కత్తిరించి పెన్సిల్‌కి చుట్టి చూడండి. త్రిభుజం ఏటవాలు అంచు పెన్సిల్ మీద అచ్చం మరలా చుట్టుకుంటుంది. మర అంటే చుట్టిపెట్టిన ఏటవాలే. వాలు తక్కువైతే దాని మీద పెట్టిన బరువును ఘర్షణ పట్టి ఉంచుతుంది, ఎక్కువైతే బరువు జారుతుంది. చక్రం పన్ను మర చుట్టును నొక్కినప్పుడు తేలాల్సింది కూడా అదే. పన్ను జారితే మర తిరుగుతుంది.

లెక్క వేసి చూద్దాం. 40 మిల్లీమీటర్ల వ్యాసం, 4 మాడ్యూల్ (పన్ను పరిమాణాన్ని చెప్పే కొలత, దీన్ని 3.14తో గుణిస్తే పన్నుకీ పన్నుకీ మధ్య దూరం వస్తుంది), సింగిల్ స్టార్ట్ వార్మ్ తీసుకుంటే దాని చుట్టుకొలత 125.7 మిల్లీమీటర్లు. ఒక చుట్టుకు ముందుకు జరిగేది 12.6. అంటే వాలు 0.1, కోణంలో 5.7 డిగ్రీలు. ఆగి ఉన్న ఉక్కుకీ కంచుకీ మధ్య ఘర్షణ గుణకం 0.12 అనుకుందాం. పళ్ళ పక్కలు 20 డిగ్రీలు వాలి ఉంటాయి కాబట్టి దాని ప్రభావం 0.128కి పెరుగుతుంది. వాలు అంతకంటే తక్కువ, కాబట్టి చక్రం ఎంత తోసినా మర కదలదు. ఇందులో బరువు ఎంతో మనం అడగనే లేదు, చూశారా? బరువు పెరిగితే తోపు ఎంత పెరుగుతుందో ఘర్షణ కూడా అంతే పెరుగుతుంది. నాకు ఈ లెక్కలో బాగా నచ్చే విషయం ఇదే. అదే మరకి నాలుగు స్టార్టులు ఉంటే వాలు 0.4 అవుతుంది, అప్పుడది సులువుగా వెనక్కి తిరుగుతుంది.

చిక్కంతా ఆ 0.12 దగ్గరే. వాలును ఒకసారి కోస్తే అది మారదు, ఘర్షణ మాత్రం మారుతూనే ఉంటుంది. పళ్ళు వేగంగా జారుతున్నప్పుడు మధ్యలో ఆయిల్ పొర ఏర్పడి గుణకం 0.03 దాకా పడిపోవచ్చు. అప్పుడు ఇదే గేరు వెనక్కి తిరగగలదు. పక్కన ఏదైనా యంత్రం అదురుతుంటే ప్రతి అదురుకూ పన్ను వెంట్రుకవాసి జారి, బరువు మెల్లగా దిగిపోతుంది. కొత్తలో గరుకుగా ఉన్న పళ్ళు తిరిగి తిరిగి నునుపెక్కుతాయి. మామూలు ఆయిల్ తీసి సింథటిక్ పోస్తే, నిన్నటిదాకా లాక్ అయిన గేర్‌బాక్స్ ఇవాళ లాక్ కాకపోవచ్చు.

పైగా ఈ లాక్ ఊరికే రాదు. 0.12 ఘర్షణ దగ్గర మన గేరు సామర్థ్యం 43 శాతమే, మిగతాదంతా వేడిగా పోతుంది.

పాత అపార్ట్‌మెంట్లలో టెర్రస్ మీది మెషిన్ రూమ్‌లో చాలాచోట్ల వార్మ్ గేర్‌బాక్సే ఉంటుంది. లిఫ్ట్ లోపల ‘6 మంది, 408 కిలోలు’ అన్న ప్లేటు చూసే ఉంటారు. అవతలి వైపు వేలాడే కౌంటర్ వెయిట్ బరువు సుమారుగా క్యాబిన్ బరువు, దానికి తోడు ఆ 408లో సగం. అంటే ఖాళీ క్యాబిన్‌ని దాదాపు 200 కిలోలు పైకి లాగుతుంటాయి. కరెంటు పోతే దాన్ని పట్టి ఉంచే పని గేరుకి వదిలేయరు. మోటారు షాఫ్ట్ మీద బ్రేక్ ఉంటుంది. లిఫ్ట్ నడుస్తున్నంతసేపు విద్యుదయస్కాంతం దాన్ని విడదీసి ఉంచుతుంది, కరెంటు పోగానే స్ప్రింగు దాన్ని బిగించేస్తుంది.

లోపల ఎవరైనా ఇరుక్కుంటే టెక్నీషియన్ ఆ బ్రేక్‌ని లివర్‌తో వదులు చేస్తాడు. కొన్ని మెషిన్లలో అప్పుడు కూడా క్యాబిన్ కదలదు, చేతిచక్రం తిప్పాల్సిందే. కొన్నింటిలో దానంతటదే మెల్లగా బయలుదేరుతుంది. కదిలేకొద్దీ ఘర్షణ తగ్గి వేగం అందుకుంటుంది కాబట్టి లివర్‌ని కొంచెం నొక్కి వెంటనే వదిలేస్తూ, మళ్ళీ కొంచెం నొక్కుతూ క్యాబిన్‌ని అంతస్తు దాకా తెస్తారు. ఇది శిక్షణ ఉన్నవాళ్ళు చేయాల్సిన పని, వాచ్‌మన్ చేత చేయించకూడదు.

బ్రేక్ అక్కర్లేకుండా లాక్‌ని హాయిగా నమ్మదగిన చోట్లూ ఉన్నాయి. వీణలో తీగ బిగువును సంప్రదాయంగా కొయ్య బిరడాలే రంధ్రంలో బిగుసుకుని ఆపుతాయి, అదీ ఘర్షణే. ఇప్పుడు కొన్ని వీణలకు గిటార్ తరహా కీలు బిగిస్తున్నారు. ప్రతి కీలోనూ చిన్న వార్మ్ గేర్ ఉంటుంది. తీగ దాన్ని ఎప్పుడూ లాగుతూనే ఉంటుంది. కానీ ఆ మర తిరిగేది శ్రుతి చేసేటప్పుడు, అదీ వేళ్ళతో, నెమ్మదిగా. ఘర్షణను తగ్గించే ఆయిల్ పొర ఏర్పడటానికి కావలసిన వేగం అక్కడ రానే రాదు.