స్కాన్ చదివేదెవరు? ఒక పాత వివాదం వెనుక కథ

కృత్రిమ మేధకు బాటలు వేసినవారిలో ఒకరైన జెఫ్రీ హింటన్ 2016లో టొరంటోలో జరిగిన ఒక సమావేశంలో రేడియాలజిస్టులకు శిక్షణ ఇవ్వడం ఇక ఆపేయాలన్నారు. అయిదేళ్లలో, మరీ ఆలస్యమైతే పదేళ్లలో, స్కాన్లు చదవడంలో యంత్రాలు వారిని మించిపోతాయని ఆయన అంచనా. మొదటి గడువు ఎప్పుడో దాటిపోయింది. రేడియాలజిస్టులు ఎక్కడికీ పోలేదు, చూడవలసిన చిత్రాల కుప్ప మాత్రం పెరిగింది. స్కాన్‌ను ఎవరు చదవాలి, ఇద్దరు రెండు రకాలుగా చదివితే ఎవరి మాట చెల్లాలి, కొత్తవారు ఈ విద్య నేర్చుకునేదెలా అన్న వాదన ఇంకా సాగుతూనే ఉంది. ఈ ప్రశ్నలు కృత్రిమ మేధతో పుట్టాయనుకుంటే పొరపాటు. కంప్యూటర్ ఆసుపత్రి గడప తొక్కకముందే అవి అక్కడ ఉన్నాయి.

1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్న తర్వాత, దశాబ్దాల పాటు వైద్యచిత్రం అంటే ఒక భౌతిక వస్తువు. మొదట గాజు పలక, తర్వాత ఫిల్మ్. డార్క్‌రూమ్‌లో రసాయనాల్లో ముంచి తీసి, ఆరబెట్టి, వెలుగుతున్న పెట్టె మీద పెట్టి చూడాలి. దాని నకళ్లు ఉండవు, ఉన్నది ఒక్కటే. సర్జన్ ఆపరేషన్ గదిలోకి తీసుకెళితే వార్డులోని వైద్యుడు ఆగాలి. పోయిందంటే రోగి మరోసారి కిరణాల ముందు నిలబడాలి.

అసలు చిక్కు బయటపడింది క్షయ పరీక్షల్లో. రెండో ప్రపంచ యుద్ధ కాలం నుంచి అమెరికాలో పెద్ద ఎత్తున ఛాతీ ఎక్స్‌రేలు తీయడం మొదలైంది. పెద్ద ఫిల్మ్ మేలా, తక్కువ ఖర్చుతో అయిపోయే చిన్న ఫిల్మ్ మేలా అన్నది తేల్చడానికి గణాంక నిపుణుడు జేకబ్ యెరుషాల్మీ పాల్గొన్న బృందం ఒక అధ్యయనం చేసి 1947లో ఫలితాలు ప్రకటించింది. ఫిల్మ్ రకాల మధ్య తేడా కన్నా, చదివిన వైద్యుల మధ్య తేడాయే ఎక్కువగా తేలింది. అదే వైద్యుడికి అవే ఫిల్ములు కొంతకాలం తర్వాత మళ్లీ ఇస్తే, తనతో తానే విభేదించాడు. 1949లో హెన్రీ గార్లండ్ అనే రేడియాలజిస్టు ఈ లెక్కలన్నీ ముందు పెట్టి, అనుభవజ్ఞులు సైతం జబ్బున్న ఫిల్ముల్లో దాదాపు 30 శాతాన్ని గుర్తించలేకపోతున్నారని చూపించాడు. వృత్తి మొత్తానికి అది మింగుడుపడని నిజం. ఒకే ఫిల్మ్‌ను ఇద్దరు విడివిడిగా చదవాలన్న పద్ధతికి బలం చేకూరింది అప్పుడే.

డిజిటల్ మలుపు ఇంకోవైపు నుంచి వచ్చింది. 1960ల చివర్లో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజినీర్ లండన్ సమీపంలోని ఈఎంఐ ప్రయోగశాలలో పనిచేసేవాడు. ఒక వస్తువు గుండా అన్ని కోణాల నుంచి కిరణాలు పంపి, ఎంత శోషణ జరిగిందో కొలిస్తే, లోపలి పొరను లెక్కగట్టి గీయవచ్చన్నది ఆయన ఆలోచన. భౌతిక శాస్త్రవేత్త అలన్ కార్మాక్ ఆ గణితాన్ని 1963, 1964ల్లోనే ప్రచురించినా పట్టించుకున్నవారు లేరు. హౌన్స్‌ఫీల్డ్ తొలి ప్రయోగంలో ఒక్క పొరను స్కాన్ చేయడానికి తొమ్మిది రోజులు పట్టింది. 1971 అక్టోబరు 1న వింబుల్డన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో, మెదడులో కణితి ఉందని అనుమానిస్తున్న ఒక మహిళకు మొదటి స్కాన్ తీశారు. చిత్రం నిడివి 80, వెడల్పు 80 గళ్లు. నేటి కంటికి అది మోటు ముగ్గులా కనిపిస్తుంది గానీ, కణితి ఎక్కడుందో చూపించింది. అంతకుముందు మెదడును చూడాలంటే వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవాన్ని తీసి, ఆ చోట గాలి ఎక్కించి ఎక్స్‌రే తీసేవారు. ఆ తలనొప్పి రోజుల తరబడి వదిలేది కాదు. ఆ పరీక్షను తెరమరుగు చేసిన ఒక్క కారణానికే హౌన్స్‌ఫీల్డ్, కార్మాక్‌లకు 1979 నోబెల్ ఇచ్చినా తప్పు లేదనిపిస్తుంది.

హౌన్స్‌ఫీల్డ్ తెచ్చిన ఈ స్కాన్‌నే సీటీ అంటారు. ఇందులో చిత్రం కంటే ముందు అంకె పుడుతుంది. నీటికి సున్నా, గాలికి మైనస్ 1000, గట్టి ఎముకకు ప్లస్ 1000 లేదా అంతకన్నా ఎక్కువ. వేలల్లో ఉండే ఈ ఛాయలన్నిటినీ కన్ను ఒకేసారి పట్టుకోలేదు. అందుకే ఏ పరిధిలోని అంకెలను తెర మీద నలుపు తెలుపులుగా పరచాలో చూసేవారే ఎంచుకుంటారు. ఒకే స్కాన్‌ను ఊపిరితిత్తుల కోసం ఒక పరిధిలో, ఎముకల కోసం ఇంకో పరిధిలో చూస్తారు. ఊపిరితిత్తుల పరిధిలో మాత్రమే చూసి ముగించినవారికి వెన్నుపూసలో సన్నని పగులు కనిపించకపోవచ్చు. అది ఆ ఫైల్లోనే ఉంటుంది, కానీ ఎవరూ దాన్ని అడిగి ఉండరు. చూపులోని లోపం అంకెలతో పోలేదు, కొత్త చోటు వెతుక్కుంది.

సీటీ తర్వాత ఎంఆర్ఐ వచ్చింది. 1980లలో ఫిల్మ్ బదులు ఫాస్ఫర్ పలకలతో ఎక్స్‌రే కూడా అంకెల దారి పట్టింది. అయితే ఒక్కో కంపెనీ యంత్రం తన సొంత భాషలో ఫైళ్లు రాసేది. ఒకరి స్కానర్ ఇచ్చిన ఫైలు ఇంకొకరి తెర మీద తెరుచుకునేది కాదు. రేడియాలజిస్టుల సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ, విద్యుత్ పరికరాల తయారీదారుల సంఘం 1983లో కలిసి కూర్చుని, 1985లో ఒక ప్రమాణం తెచ్చాయి. అది రెండు యంత్రాలను నేరుగా కలిపే 50 పిన్నుల తీగ చుట్టూ అల్లిన ఏర్పాటు. 1993లో నెట్‌వర్క్‌ల మీద పనిచేసేలా దాన్ని తిరగరాసి డైకామ్ అని పేరు పెట్టారు. రోగి పేరు, తేదీ, యంత్రం, పొర మందం అన్నీ చిత్రంతో పాటు అదే ఫైల్లో ప్రయాణిస్తాయి. నన్నడిగితే ఈ రంగంలో నోబెల్ రాని అతి పెద్ద ఆవిష్కరణ ఇదే. కమిటీల పనికి కథానాయకులు ఉండరు కాబట్టి దీని గురించి ఎవరూ పెద్దగా చెప్పుకోరు.

1990లలో వియన్నాలో, బాల్టిమోర్‌లో, లండన్‌లో ఫిల్మ్ లేని ఆసుపత్రులు మొదలయ్యాయి. రాత్రి ప్రమాదంలో గాయపడినవారి స్కాన్‌ను మరో ఖండంలో పగటిపూట పనిచేస్తున్న వైద్యుడు చదవడం సాధ్యమైంది. రేడియేషన్ చికిత్సలో కిరణాల మోతాదును సీటీ అంకెల నుంచే లెక్కగడతారు. పక్షవాతంలో మెదడు రక్తనాళంలోని గడ్డను గొట్టం పంపి లాగేయడం మేలని 2015లో వరసగా వెలువడిన పరీక్షలు తేల్చాయి. ఆ చికిత్స ఎవరికి చేయాలో నిమిషాల్లో నిర్ణయించేది స్కానే.

కొన్ని నష్టాలు ఆలస్యంగా తెలిశాయి. ఫిల్మ్ రోజుల్లో ఫిజీషియన్లు చిత్రం చూడటానికి రేడియాలజీ గదికి రావాల్సిందే. అక్కడ రోగి గురించి నాలుగు మాటలు దొర్లేవి. తెర అందరి బల్లల మీదకు వచ్చాక ఆ రాకపోకలు బాగా తగ్గిపోయాయని బాల్టిమోర్ ఆసుపత్రి అనుభవమే చూపింది. రేడియాలజిస్టుకు అభ్యర్థన పత్రంలోని ఒకటి రెండు ముక్కలే మిగిలాయి. ఇంకొకటి రేడియేషన్ మోతాదు. ఫిల్మ్‌కు మోతాదు ఎక్కువైతే నల్లగా మాడిపోయి తప్పు బయటపడేది. డిజిటల్‌లో ఎక్కువైతే చిత్రం ఇంకా నున్నగా, అందంగా వస్తుంది. ఎవరూ ఫిర్యాదు చేయరు, మోతాదు చాప కింద నీరులా పెరుగుతుంది. దీనిపై అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ 2004లో ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చింది. 2019లో ఒక జర్మన్ భద్రతా సంస్థ, పాస్‌వర్డ్ లేని చిత్రాల సర్వర్లు 50కి పైగా దేశాల్లో ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్నాయని బయటపెట్టింది. ఫైల్లోనే రోగి పేరు ఉండటం అక్కడ శాపమైంది.

శిక్షణకు మాత్రం డిజిటల్ మలుపు వరం. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 1994లో ఒక పురుషుడి దేహాన్ని మిల్లీమీటరు మందం పొరలుగా, ఆ మరుసటి ఏడాది ఒక మహిళ దేహాన్ని మిల్లీమీటరులో మూడో వంతు పొరలుగా చిత్రించి విడుదల చేసింది. పురుషుడి దేహం మరణశిక్ష పడిన ఖైదీది. ఆ విషయంలో నైతిక చర్చ ఇప్పటికీ ఉంది. ఒకప్పుడు విద్యార్థి తన ఆసుపత్రికి వచ్చిన జబ్బులనే చూసేవాడు, ఇప్పుడు అరుదైన కేసులు వందల్లో దొరుకుతాయి. అయితే ఎక్కువ చూడటం, బాగా చూడటం ఒకటి కావు. 2013లో ఒక పరిశోధనలో ఊపిరితిత్తుల సీటీలో గొరిల్లా బొమ్మ ఒకటి దాచి 24 మంది రేడియాలజిస్టులకు ఇచ్చారు. అది గడ్డల సగటు పరిమాణానికి 48 రెట్లు. 20 మంది గమనించలేదు, కారణం వారు వెతుకుతున్నది గడ్డల కోసం.

ఈ లోపానికి మందు కంప్యూటరేనన్న ఆశ కూడా పాతదే. రొమ్ము ఎక్స్‌రేలపై అనుమానాస్పద చోట్లను గుర్తుపెట్టే మొదటి సాఫ్ట్‌వేర్‌కు అమెరికా 1998లో అనుమతినిచ్చింది. ఆసుపత్రులు విరివిగా కొన్నాయి. 2007లో, మళ్లీ 2015లో వచ్చిన పెద్ద అధ్యయనాల్లో దానివల్ల రోగ నిర్ధారణ మెరుగైన జాడ లేదు, మొదటి అధ్యయనంలోనైతే అనవసరపు అనుమానాలు పెరిగాయి. 2012 తర్వాత వచ్చిన డీప్ లెర్నింగ్, అంటే వేల ఉదాహరణల నుంచి కంప్యూటర్ తానే నేర్చుకునే పద్ధతి, చాలా బలమైనదే, కానీ దానికీ దారి తప్పే గుణం ఉంది. న్యుమోనియాను పట్టుకునే అలాంటి ఒక ప్రోగ్రామ్, ఎక్స్‌రే ఏ ఆసుపత్రిలో తీసిందో పసిగట్టి, దాని ఆధారంగానూ జబ్బును ఊహిస్తోందని 2018లో తేలింది. కొత్త ఆసుపత్రి చిత్రాల్లో దాని పనితనం పడిపోయింది.

2023లో స్వీడన్ నుంచి 80,000కు పైగా మహిళల మీద జరిపిన పరీక్ష ఫలితం వచ్చింది. అక్కడ రొమ్ము ఎక్స్‌రేను ఇద్దరు వైద్యులు చదవడం రివాజు. ఈ పరీక్షలో కృత్రిమ మేధ యంత్రం తక్కువ ప్రమాదం అన్నవాటిని ఒకరికి, ఎక్కువ ప్రమాదం అన్నవాటిని ఇద్దరికి ఇచ్చారు. క్యాన్సర్లు పట్టుకోవడంలో లోటు రాలేదు, చదివే పని 44 శాతం తగ్గింది. ఇప్పటిదాకా వచ్చినవాటిలో నాకు నమ్మకం కలిగించిన పద్ధతి ఇదే, ఎందుకంటే ఇందులో యంత్రం తీర్పు చెప్పదు, వైద్యుడి సమయాన్ని పంచుతుంది.

అదే ఏడాది జర్మనీలో జరిగిన మరో ప్రయోగంలో, కృత్రిమ మేధ సూచన అని చెప్పి కావాలని తప్పు సమాధానం ఇచ్చారు. అనుభవం తక్కువ ఉన్న రేడియాలజిస్టుల ఖచ్చితత్వం దాదాపు 80 శాతం నుంచి 20 శాతానికి, బాగా అనుభవం ఉన్నవారిది 82 నుంచి 46 శాతానికి జారిపోయింది. యంత్రాన్ని ఎదిరించి చెప్పే ఆ అనుభవం వేల మామూలు చిత్రాలు చదివితేనే వస్తుంది. స్వీడన్ పద్ధతిలో రెండో వైద్యుడి చేతి నుంచి తప్పుకున్నవి సరిగ్గా అలాంటి మామూలు చిత్రాలే.