కుర్సురా కదలలేదు, చిత్రం కదిలింది

విశాఖ ఆర్‌కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం 2002 నుంచి ఉంది. సబ్‌మెరైన్ పొడవు దాదాపు 91 మీటర్లు. పిక్సెల్‌కి 2.5 మీటర్ల చొప్పున తీసిన ఉపగ్రహ చిత్రంలో అది 36 పిక్సెళ్ల నల్లటి గీత. వేర్వేరు తేదీల్లో తీసిన రెండు చిత్రాలను కంప్యూటర్‌లో ఒకదాని మీద ఒకటి పరిచి, పైదాన్ని ఆపుతూ వెలిగిస్తూ చూస్తుంటే ఆ గీత అటూ ఇటూ జరుగుతోందనుకోండి. ఒడ్డున కాంక్రీటు దిమ్మల మీద కూర్చున్న సబ్‌మెరైన్ ఎక్కడికి పోతుంది? జరిగింది చిత్రమే.

తీరం కోతను లెక్కగట్టడానికి కూర్చున్నప్పుడు నేను ముందు చూసేది ఈ గీతనే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. దానికి ముందు చిత్రం, తరవాతి చిత్రం పక్కపక్కన పెట్టి ఇసుక ఎంత పోయిందో చూడాలి. రెండో చిత్రం సముద్రం వైపు నుంచి నేల వైపు పది మీటర్లు జరిగి ఉంటే, పోని ఇసుక కూడా పోయినట్టే కనిపిస్తుంది. సముద్రం వైపు జరిగితే నిజంగా పోయింది కనబడకుండా పోతుంది. గోడ ఎక్కడ కట్టాలి, ఎవరి బడ్డీకి ముప్పు ఉంది అన్నవి ఈ లెక్కల మీదే తేలతాయి. అందుకే నాకు ఈ పది మీటర్లు చిన్న విషయంగా ఎప్పుడూ అనిపించలేదు.

చిత్రం ఎంత స్పష్టంగా ఉంటే అంత కరెక్టని చాలామంది అనుకుంటారు. స్పష్టత వేరు, చోటు వేరు. రోడ్డు మీద కారు విడిగా కనిపించే చిత్రంలోనే ఆ రోడ్డు మొత్తం పక్క వీధిలోకి జరిగి ఉండొచ్చు.

ఎందుకు జరుగుతుంది? 2005 మే 5న శ్రీహరికోట నుంచి వెళ్లిన కార్టోశాట్-1 ఉపగ్రహాన్నే తీసుకుందాం. అది 618 కిలోమీటర్ల ఎత్తులో తిరిగింది. దాని కింద నేల సెకనుకు దాదాపు 7 కిలోమీటర్ల చొప్పున వెనక్కి పోతుంటుంది. కెమెరా ఆ నేలను ఒక్కో వరుసగా చదువుకుంటూ పోతుంది. టైమ్‌లో సెకనులో వెయ్యో వంతు తేడా వస్తే చిత్రం 7 మీటర్లు జరుగుతుంది. కెమెరా చూసే దిశలో ఒక ఆర్క్ సెకను, అంటే డిగ్రీలో 3600వ వంతు తేడా వస్తే 3 మీటర్లు. నక్షత్రాలను చూసి తన దిక్కు తెలుసుకునే సెన్సర్లు ఉపగ్రహంలో ఉంటాయి కాబట్టే ఈ మాత్రం కుదురుతోంది.

అన్నిటికంటే ఆసక్తికరమైన చిక్కు విశాఖ కొండల వల్ల వస్తుంది. కార్టోశాట్-1లో రెండు కెమెరాలు. ఒకటి 26 డిగ్రీలు ముందుకు, రెండోది 5 డిగ్రీలు వెనక్కి చూసేవి. పగటిపూట ఉపగ్రహం ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్లేది. సముద్రమట్టానికి 200 మీటర్ల ఎత్తున్న కొండ శిఖరం ముందు కెమెరా చిత్రంలో 97 మీటర్లు దక్షిణానికి వాలి కనిపిస్తుంది. వెనక కెమెరాలో 17 మీటర్లు ఉత్తరానికి. కొండ పాదం దగ్గరున్న బీచ్ రోడ్డు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అందుకే చిత్రాన్ని మొత్తంగా పక్కకు జరిపితే పని జరగదు. బీచ్ రోడ్డు సరిపడితే కైలాసగిరి కొండ సరిపడదు, కైలాసగిరి సరిపడితే బీచ్ రోడ్డు సముద్రంలో పడుతుంది.

మందు కూడా ఆ వాలులోనే ఉంది. రెండు చిత్రాల్లో శిఖరం మధ్య తేడా 115 మీటర్లు, అంటే 46 పిక్సెళ్లు. ఆ తేడా నుంచి కొండ ఎత్తు లెక్కగట్టొచ్చు. మన రెండు కళ్లూ దూరాన్ని పసిగట్టేది ఇలాగే. ఎత్తు తెలిశాక ఒక్కో పిక్సెల్‌ని దాని వాలు మేరకు వెనక్కి లాగి అసలు చోట కూర్చోబెడతారు. దీన్ని ఆర్థోరెక్టిఫికేషన్ అంటారు.

ఎత్తుల్లో ఇంకో మెలిక. బీచ్‌లో జీపీఎస్ రోవర్, అంటే చోటునీ ఎత్తునీ కచ్చితంగా కొలిచే పరికరం పెడితే ఎత్తు పదుల మీటర్ల మైనస్‌లో చూపిస్తుంది. కొత్తవాళ్లకు టెన్షన్ పట్టుకుంటుంది. పరికరం బాగానే ఉంది. జీపీఎస్ ఎత్తును కొలిచేది లెక్కల్లో నున్నగా గీసిన భూమి ఆకారం నుంచి. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో అసలు సముద్రమట్టం ఆ ఆకారం కంటే వంద మీటర్లకు పైగా కిందికి ఉంటుంది. ఆ పల్లం ప్రభావం మన తీరం దాకా ఉంది. ఈ రెండు రకాల ఎత్తుల్ని కలిపేస్తే, 60 మీటర్ల పొరపాటు 26 డిగ్రీల వాలులో 29 మీటర్ల జరుగుడుగా తేలుతుంది.

ఇక నేల మీద పని. చిత్రంలో స్పష్టంగా కనిపించే చోటికి వెళ్లి, అక్కడ రోవర్ నిలబెట్టి సెంటీమీటర్లలో కొలుస్తాం. దాన్ని గ్రౌండ్ కంట్రోల్ పాయింట్, పొట్టిగా జీసీపీ అంటారు. 1860లలో ఇదే విశాఖ దగ్గర బ్రిటిష్ కాలంలో దేశాన్ని త్రికోణాలుగా కొలిచిన మహా త్రికోణమితి సర్వే వాళ్లు బేస్‌లైన్ కొలిచారు. వాళ్లు కూడా ముందు నేల మీద ఒక్క గీతను గట్టిగా పట్టుకుని మిగతాదంతా దాని మీద కట్టారు.

పాయింట్ ఎంచుకోవడమే సగం పని. అలల అంచు పనికిరాదు, కొబ్బరిచెట్టు పనికిరాదు. అపార్ట్‌మెంట్ టెర్రస్ మూల ఎంత తెల్లగా కనిపించినా వద్దు, అది కొండలాగే వాలుతుంది. ఫిషింగ్ హార్బర్ జెట్టీ మూల బాగుంటుంది. మైదానంలో సిమెంటు క్రికెట్ పిచ్ ఇంకా బాగుంటుంది, 20 మీటర్ల పొడవు, అంచు తిన్నగా ఉంటుంది. ప్రహరీ మూల దగ్గర మాత్రం జాగ్రత్త. ఉదయం పదిన్నర ప్రాంతంలో తీసిన చిత్రంలో గోడ నీడ పక్క నేల మీద పడుతుంది. ఆ నీడ అంచునే గోడ అనుకుని క్లిక్ చేస్తే ఒక పిక్సెల్ అక్కడే పోతుంది.

ఒకసారి నా చేతికొచ్చిన చిత్రం రిపోర్టులో తప్పు పిక్సెల్ కంటే తక్కువని రాశారు. పాయింట్లన్నీ బీచ్ రోడ్డు పొడవునా ఉన్నాయి, కొండ వైపు ఒక్కటీ లేదు. పైగా సరిచేయడానికి వాడిన పాయింట్లతోనే తప్పునూ కొలిచారు. ఇంట్లో చూసిన ప్రశ్నపత్రమే పరీక్షలో ఇచ్చి మార్కులు వేసినట్టు. కొండ కింది వీధులు చూస్తే 15 మీటర్లు పక్కకు ఉన్నాయి. అప్పటినుంచి నేను కొలిచిన పాయింట్లలో కొన్నింటిని దాచిపెడతాను. సరిచేసేటప్పుడు వాటిని ముట్టుకోను. చివర్లో వాటి దగ్గర ఎంత తేడా వస్తే అదే ఆ చిత్రం తప్పు.

ఇంత చేశాక కుర్సురా గీత రెండు చిత్రాల్లోనూ ఒకేచోట నిలుస్తుంది. అయినా కోత లెక్క అప్పుడే మొదలుపెట్టను. ఇరవైకి ఒకటి వాలున్న ఇసుకలో నీరు ఒక మీటరు పెరిగితే చాలు, నీటి అంచు 20 మీటర్లు లోపలికొస్తుంది. ఒక్కో చిత్రం తీసిన నిమిషానికి విశాఖ ఆటుపోట్ల పట్టికలో నీరు ఎంత ఎత్తులో ఉందో చూసుకుని, మట్టం దగ్గరదగ్గరగా ఉన్న జతనే పక్కకు తీస్తాను.