ఈస్ట్ తల్లికి తెలిసిన విద్య

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం.

చిరంజీవులు సాహితికీ, అఖిల్‌కీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న అమ్మమ్మ బన్‌ల కోసం గోరువెచ్చని పంచదార నీళ్ళలో ఈస్ట్ వేస్తే, నురగ పొంగడం చూసి "వీటిలో ఆడా మగా ఉంటాయా తాతయ్యా?" అని అడిగింది సాహితి. ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పి సరిపెట్టడానికి నాకు మనసొప్పలేదు. ఈస్ట్ అంటే ఒకే కణంతో బతికే సూక్ష్మజీవి. భీమిలి దారిలో తాటికల్లు పొంగేది కూడా ఈ ఈస్ట్ వల్లే.

ఆడ, మగ అనం. ఎ రకం, ఆల్ఫా రకం అంటాం. చూడ్డానికి రెండూ ఒకటే. ఆల్ఫా కణం 13 అమైనో ఆమ్లాల (ప్రొటీన్లకు ఇటుకల్లాంటివి) చిన్న గొలుసును బయటికి వదులుతుంది. అది తగిలితే ఎ కణం విభజన ఆపేసి, అటువైపు ముక్కు సాగదీస్తుంది. తర్వాత రెండూ కలిసిపోతాయి. ఒకే రకానివి మాత్రం కలవవు.

మరి ఒంటరిగా పడిన కణం గతేమిటి? అది రకమే మార్చుకుంటుంది!

జన్యువులను మోసే డీఎన్‌ఏ పోగును క్రోమోజోమ్ అంటారు. ఈస్ట్ మూడో క్రోమోజోమ్ మీద మ్యాట్ అనే చోట ఏ జన్యువులుంటే కణం ఆ రకం. అదే క్రోమోజోమ్ ఎడమ కొసన ఆల్ఫా జన్యువుల నకలు, కుడి కొసన ఎ జన్యువుల నకలు దాచి ఉంటాయి. సిర్ అనే ప్రొటీన్లు అవి పనిచేయకుండా వాటి నోరు నొక్కి ఉంచుతాయి. హెచ్ఓ అనే ఎంజైమ్ మ్యాట్ దగ్గర డీఎన్‌ఏ రెండు పోగులనూ తెంపుతుంది. మామూలుగా అలా తెగితే కణం ప్రాణానికే ముప్పు. ఇక్కడ మాత్రం కావాలనే తెంపుకుని, కొసన దాచిన రెండో రకం నకలును చూసి ఆ చోటు తిరిగి రాసుకుంటుంది. దాచిన నకలు మాత్రం చెక్కుచెదరదు. 1977లో హిక్స్, స్ట్రాథర్న్, హెర్స్కోవిట్జ్ అనే శాస్త్రవేత్తలు దీన్ని టేప్ రికార్డర్‌లో క్యాసెట్ మార్చడంతో పోల్చారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇప్పుడు చెబుతాను. ఈస్ట్ పిల్ల కణం తల్లి కణం మీద మొగ్గలా పెరిగి విడిపోతుంది. అలా అప్పుడే పుట్టిన పిల్ల కణం రకం మార్చుకోలేదు. ఒక్కసారైనా పిల్లను కన్న తల్లికే ఆ విద్య. మొగ్గ తొడిగేటప్పుడు తల్లి యాష్1 అనే ప్రొటీన్ తయారీకి కావలసిన ఆర్‌ఎన్‌ఏను మొగ్గ చివరికి చేరవేస్తుంది. అందుకే యాష్1 పిల్లలో పోగై, అక్కడ హెచ్ఓ పుట్టకుండా అడ్డుకుంటుంది.

కాగితం మీద గీసి చూడండి. ఒక ఎ కణం. దానికి ఒక పిల్ల, అదీ ఎ. ఇప్పుడు తల్లి డీఎన్‌ఏ నకలు కాకముందే ఆల్ఫాగా మారి, మళ్ళీ పిల్లను కంటుంది. ఆ కొత్త పిల్లా ఆల్ఫాయే. మొదటి పిల్లకూ ఎ రకం పిల్ల పుడుతుంది. నాలుగు కణాల్లో రెండు ఎ, రెండు ఆల్ఫా, అన్నీ పక్కపక్కనే! జతకట్టాక రెండు రకాల ప్రొటీన్లూ కలిసి హెచ్ఓను మూసేస్తాయి. ఇక మార్పులుండవు.

అఖిల్, నీ బొమ్మ ఫొటో తీసి పంపు. సంక్రాంతికి వస్తే మైక్రోస్కోపులో మొగ్గలు చూపిస్తాను.

మీ తాతయ్య